పండిత రమాబాయి

ఈ పాఠంలో మనం పండిత రమాబాయి జీవితాన్ని గురించి చదువుకుందాం. పంతొమ్మిదో శతాబ్దంలో మనదేశంలో స్త్రీవిద్య కోసం, వితంతువుల కోసం పాటుపడినవారిలో ఆమె పేరు ముందు వరసలో ఉంటుంది. సాంఘికశాస్త్ర పుస్తకాల్లో ఆమెను సంఘసంస్కర్తగా రెండు మూడు వాక్యాల్లో పరిచయం చేసి వదిలేస్తారు. మనం ఆమెను ఇంకొక వైపు నుంచి చూద్దాం. 24 ఏళ్ళు నిండకముందే రమాబాయి తండ్రిని, తల్లిని, అక్కను, అన్నను, భర్తను పోగొట్టుకుంది. ముసలితనంలో ఒక్కగానొక్క కూతురు కూడా ఆమెకంటె ముందే కన్నుమూసింది. ఇన్ని చావులు చూసిన మనిషి వాటిని ఎలా తట్టుకుంది? తట్టుకుని ఏం చేసింది?

మీలో కొందరు ఇంటికి పెద్దదిక్కు పోవడం వల్లనో, ఇల్లు గడవకపోవడం వల్లనో చదువు మధ్యలో ఆపి, మళ్ళీ ఇప్పుడు పుస్తకం పట్టినవారై ఉంటారు. అటువంటివారికి ఈ కథలో తెలిసిన సంగతులు కొన్ని కనిపిస్తాయి. మరొక విషయం. రమాబాయి జీవితంలో అన్నిటికంటె కష్టమైన 11 రోజులు గడిచింది మన తిరుపతి దగ్గరి అడవిలో.

అడవిలో ఇల్లు, తట్టలో పసిపాప

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పుట్టింది. ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మరాఠీ బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. ఆయన గురువు పీష్వా భార్యకు సంస్కృతం చెప్పేవాడు. అది చూసిన అనంతశాస్త్రికి ఆడవాళ్ళు కూడా చదువుకోవచ్చుననే ఆలోచన కలిగింది. పెళ్ళినాటికి ఆయన రెండో భార్య లక్ష్మీబాయి తొమ్మిదేళ్ళ పిల్ల. ఆమెకు ఆయన సంస్కృతం నేర్పడం మొదలుపెట్టాడు. బంధువులు, పండితులు దీనికి అభ్యంతరం చెప్పారు. ఆయన ఉడిపి వెళ్ళి, పండితుల సభలో శాస్త్రాల నుంచే ఆధారాలు చూపించి తన పని తప్పు కాదని వాదించాడు. అయినా ఊళ్ళో గొడవ పడలేదు. ఇప్పటి కర్ణాటకలో, పడమటి కనుమల్లో గంగామూల అనే అడవికి వెళ్ళి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. రమాబాయి పుట్టింది ఆ ఇంట్లోనే.

ఆ ఇంటికి విద్యార్థులు వచ్చేవారు, యాత్రికులు వచ్చేవారు. వచ్చినవారందరికీ భోజనం పెట్టి పెట్టి అనంతశాస్త్రి అప్పులపాలయ్యాడు. ఉన్నది అమ్ముకుని కుటుంబంతో సహా యాత్రలకు బయలుదేరాడు. అప్పటికి రమాబాయి ఆరునెలల పిల్ల. ఆమెను ఒక వెదురుతట్టలో పడుకోబెట్టి, ఒక మనిషి ఆ తట్టను నెత్తిన పెట్టుకుని కొండ దిగాడు. అలా మొదలైన ప్రయాణం ఆమెకు 20 ఏళ్ళు వచ్చేదాకా సాగుతూనే ఉంది.

వాళ్ళ జీవనాధారం పురాణం చెప్పడం. ఏ పుణ్యక్షేత్రానికి వెళ్ళినా గుడిలోనో, నది ఒడ్డునో, చెట్టుకిందనో కూర్చుని భాగవతమో రామాయణమో చదివేవారు. వినడానికి వచ్చినవారు బియ్యం, పండ్లు, బట్టలు, డబ్బులు సమర్పించేవారు. వాటిలో కొంత తాము వాడుకుని మిగిలింది దానం చేసేవారు. రమాబాయికి ఎనిమిదేళ్ళప్పటి నుంచి తల్లే గురువు. తెల్లవారకముందే నిద్రలేపి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని శ్లోకాలు చెప్పేది. 15 ఏళ్ళు వచ్చేసరికి భాగవతంలోని 18,000 శ్లోకాలు ఆ పిల్లకు నోటికి వచ్చు. పెద్దకూతురికి చిన్నప్పుడే పెళ్ళిచేసి చేదు అనుభవం పొందినందువల్ల తల్లిదండ్రులు రమాబాయికి ఆ వయసులో పెళ్ళి తలపెట్టలేదు. ఆ కాలంలో అది ఎంత సాహసమో మీరు ఊహించుకోవచ్చు.

ఇంత చదువు చెప్పిన తల్లిదండ్రులు ఒక్క విషయం మాత్రం పిల్లలకు నేర్పలేదు. చేతులతో చేసే పని ఏదీ నేర్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

తిరుపతి అడవిలో 11 రోజులు

మద్రాసు రాజధానిలో 1876–78 నాటి గొప్ప కరువు గురించి మీరు వినే ఉంటారు. రాయలసీమలో దానిని ధాత కరువు అనేవారు. కాని కొన్ని చోట్ల తిండిగింజల కటకట అంతకు మూడేళ్ళ ముందే మొదలైంది. జనానికే తిండి లేనప్పుడు పురాణం విని బియ్యం ఇచ్చేవారెవరు? అనంతశాస్త్రి కుటుంబం ముందుగా చేతిలో ఉన్న డబ్బు ఖర్చుపెట్టుకుంది. దేవుడు కాపాడతాడని పూజలు చేశారు, ఉపవాసాలున్నారు, దానాలు కూడా చేశారు. తరవాత నగలు, ఆ తరవాత మంచి బట్టలు, చివరికి వంటపాత్రలు అమ్ముకున్నారు. 1874లో వాళ్ళు తిరుపతిలో ఉండగా ఆఖరి బియ్యపు గింజ కూడా అయిపోయింది.

అప్పుడు అందరూ కూర్చుని ఆలోచించారు. బిచ్చమెత్తడానికి మనసొప్పలేదు. తెలిసినవారి మధ్య ఆకలితో చనిపోవడం అవమానమనిపించింది. ఎవరి కంటా పడకుండా అడవిలోకి వెళ్ళి అక్కడే చనిపోదామని ఆ రాత్రికి రాత్రే బయలుదేరారు. తండ్రి వృద్ధుడు, చూపు పోయింది. తల్లికి ఒంట్లో శక్తి లేదు. వారితోపాటు అన్న శ్రీనివాసశాస్త్రి, అక్క, 16 ఏళ్ళ రమాబాయి. పదకొండు పగళ్ళు, పదకొండు రాత్రులు ఆ అడవిలో నీళ్ళు, ఆకులు, గుప్పెడు ఈతపండ్లతో గడిపారు.

ఇక భరించలేక తండ్రి దగ్గరలో ఉన్న పుణ్యతీర్థంలో దిగి ప్రాణం విడుస్తానన్నాడు. అలా చేయడం పాపం కాదని ఆ కాలంలో నమ్మేవారు. మిగిలినవారూ అదే దారి పట్టాలనుకున్నారు. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి తండ్రి వీడ్కోలు చెప్పాడు. అందరికంటె చిన్నది కాబట్టి రమాబాయి వంతు చివర వచ్చింది. ఆయనకు ఆమె ముఖం కనిపించదు. గట్టిగా పట్టుకుని, తల, చెంపలు నిమురుతూ, తాను ఆమెను ఎంత ప్రేమించాడో మరిచిపోవద్దనీ, ధర్మం తప్పి నడవవద్దనీ చెప్పాడు. ఆ చేతుల స్పర్శ ఆమెకు జీవితమంతా గుర్తుండిపోయింది. ముసలితనం దగ్గరపడ్డాక కూడా దాని గురించి రాసింది.

ఆ సమయంలో శ్రీనివాసశాస్త్రి ముందుకు వచ్చాడు. కులగౌరవం సంగతి వదిలేస్తాననీ, కూలిపని చేసి అయినా తల్లిదండ్రులను పోషిస్తాననీ చెప్పాడు. ఈ మాటతో తండ్రి మనసు మారింది. అడవి నుంచి బయటికి నడిచి రెండు రోజులకు ఒక పల్లె చేరారు. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ పల్లెలోనే తండ్రి కన్నుమూశాడు. చనిపోయేముందు ఆయన సన్యాసం తీసుకున్నందువల్ల శాస్త్రప్రకారం పూడ్చిపెట్టాలి. మోయడానికి తోడు ఎవరూ రాలేదు. కొడుకు తండ్రి శరీరాన్ని తన ధోవతిలో మూటగట్టి, రెండు మైళ్ళకు పైగా ఒక్కడే మోసుకుపోయి పూడ్చివచ్చాడు.

అక్కడినుంచి మిగిలినవాళ్ళు రాయచూరు చేరారు. శ్రీనివాసశాస్త్రికి కూలిపని చేయాలని ఉన్నా, పస్తులతో చిక్కిపోయిన, పని అలవాటులేని ఆ శరీరానికి ఎవరు పని ఇస్తారు? తల్లి జ్వరంతో పడిపోయింది. ఒకరోజు ఆమె చిన్న సజ్జరొట్టె ముక్క కావాలంది. రమాబాయి పొరుగింటి గడప దాకా వెళ్ళింది కాని నోరు తెరిచి అడగలేకపోయింది. కన్నీళ్ళు మాత్రం వచ్చాయి. ఆ ఇంటి ఇల్లాలు సంగతి గ్రహించి రొట్టె తెచ్చి ఇచ్చింది. రమాబాయి దానిని పట్టుకుని పరుగున వచ్చింది. తల్లి తినే స్థితి దాటిపోయింది. కొద్దిరోజుల్లోనే ఆమె చనిపోయింది.

శ్మశానం మూడు మైళ్ళ దూరంలో ఉంది. పాడె మోయడానికి నలుగురు కావాలి. ఎంతో బతిమాలాక ఇద్దరు బ్రాహ్మణులు వచ్చారు. మూడోవాడు అన్న. నాలుగో మనిషిగా రమాబాయి తనే నిలబడింది. ఆడవాళ్ళు పాడె మోయడం అప్పుడు ఎక్కడా లేదు. ఆమె పొట్టి మనిషి, భుజం అందలేదు. అందుకని పాడె కొమ్ము నెత్తిన పెట్టుకుని అంత దూరమూ నడిచింది. మరికొద్ది కాలానికి అక్క కూడా పోయింది.

ఆమె తన దుఃఖానికి వెతికిన కారణం

కష్టం వచ్చినప్పుడు మనం సాధారణంగా తలరాత అనో, గ్రహచారం అనో అనుకుంటాం. అలా అనుకోవడంలో కొంత ఊరట కూడా ఉంది. రమాబాయి తరవాతి కాలంలో ఆ కరువు రోజుల గురించి రాసినప్పుడు అంతటితో ఆగలేదు. వాన కురవకపోవడం ఒక కారణం, నిజమే. కాని తమ ఇల్లు అలా కూలిపోవడానికి ఇంకొక కారణం ఉందని ఆమె తేల్చింది. తమకు సంస్కృతం తప్ప బతుకుతెరువు విద్య ఏదీ రాదు. పని చేయడం తక్కువతనమనే అహంకారం ఉంది. ఆకలి మొదలైననాడే ఏదో ఒక పనిలో చేరి ఉంటే ఆ ముసలి తల్లిదండ్రులు అలా పోయేవారు కారేమో. కన్నవారి మీద ప్రేమ ఉంచుకుంటూనే, వాళ్ళు చేసిన పొరపాటును పేరుపెట్టి చెప్పడం తేలిక కాదు. ఆమె జీవితంలో తరవాత జరిగినదానికి ఇదే మూలమని నాకనిపిస్తుంది.

అన్నాచెల్లెళ్ళిద్దరూ కాలినడకన దేశమంతా తిరిగారు. కాశ్మీరం దాకా వెళ్ళారు. గుప్పెడు గింజలు నీళ్ళలో నానబెట్టి ఉప్పు వేసుకు తిన్న రోజులున్నాయి. జీలం నది ఒడ్డున చలి తట్టుకోలేక ఇసుకలో రెండు గోతులు తవ్వుకుని, మెడదాకా పొడి ఇసుక కప్పుకుని రాత్రి గడిపారు.

1878లో కలకత్తా చేరాక పరిస్థితి మారింది. ఇరవై ఏళ్ళ అమ్మాయి సంస్కృతంలో ధారాళంగా మాట్లాడటం చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపోయారు. పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. మన రమాబాయి పేరుకు ముందు పండిత అనే మాట చేరింది అప్పుడే. స్త్రీలకు ధర్మశాస్త్రాలు బోధించమని అక్కడివారు అడిగారు. ఆ పని కోసం వాటిని లోతుగా చదివినకొద్దీ, స్త్రీల గురించీ, శూద్రుల గురించీ వాటిలో ఉన్నది చూసి ఆమెకు నమ్మకం సడలింది.

ఇంకా రెండు చావులు

1880 మేలో ఢాకాలో అన్న చనిపోయాడు. అడవిలో కూలిపనికి సిద్ధపడినవాడు, తండ్రిని ఒంటరిగా మోసినవాడు, ఆరేళ్ళపాటు చెల్లెలికి తోడునీడగా ఉన్నవాడు అతడే. పుట్టింటివారిలో ఇక ఆమె ఒక్కతే మిగిలింది.

ఆ మరుసటి నెలలో ఆమె బిపిన్ బిహారీ మేధావిని పెళ్ళాడింది. ఆయన వకీలు, అన్నకు స్నేహితుడు. వేరే కులంవాడు, వేరే భాషవాడు. ప్రభుత్వ చట్టం కింద రిజిస్టరు పెళ్ళి జరిగింది. 1881 ఏప్రిల్‌లో కూతురు పుట్టింది. మనోరమ అని పేరు పెట్టుకున్నారు. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో చనిపోయాడు. రెండేళ్ళు కూడా నిండని కాపురం అది. 23 ఏళ్ళ వయసులో, చంకలో పది నెలల పిల్లతో, ఆమె వితంతువు అయింది.

ఆనాటి అగ్రవర్ణాలలో వితంతువు అంటే తల గొరిగించుకోవాలి, ఒంటిపూట తినాలి, శుభకార్యాల్లో కనిపించకూడదు. ఎనిమిదేళ్ళ పిల్లలకు కూడా ఇదే నియమం. రమాబాయి ఇంట్లో మూల కూర్చోలేదు. పూనా వెళ్ళింది. మహదేవ గోవింద రానడే, రామకృష్ణ గోపాల భండార్కర్ వంటి పెద్దల సహకారంతో ఆర్య మహిళా సమాజం స్థాపించింది. అదే ఏడు ప్రభుత్వం వేసిన హంటర్ విద్యా కమిషను ముందు సాక్ష్యమిస్తూ, ఆడపిల్లల బడులకు ఆడ ఉపాధ్యాయులు కావాలనీ, రోగులైన స్త్రీలకు ఆడ డాక్టర్లు కావాలనీ చెప్పింది. మగ డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గుపడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నవారి సంగతి అప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు?

తనే డాక్టరు కావాలని 1883లో కూతురిని తీసుకుని ఇంగ్లండు వెళ్ళింది. స్త్రీల ధర్మాల మీద మరాఠీలో రాసిన పుస్తకం అమ్మగా వచ్చిన డబ్బు ప్రయాణానికి పనికొచ్చింది. కాని ఆమెకు చెవుడు వస్తోంది. గుండె చప్పుడు వినలేని మనిషి వైద్యం చదవలేదు. ఆ ఆశ అక్కడితో పోయింది. తోడు వెళ్ళిన స్నేహితురాలు అక్కడే ప్రాణం తీసుకుంది. పరాయి దేశంలో ఆ దెబ్బ కూడా ఆమె ఒంటరిగానే పడింది. ఆ ఏడు సెప్టెంబరులో ఆమె క్రైస్తవ మతం స్వీకరించింది. పూనాలోని మిత్రులు చాలామంది దీనికి బాధపడ్డారు, కొందరు కోపగించుకున్నారు. ఆమె మాత్రం కొత్త మతంలోని గురువులతో కూడా ప్రతి విషయమూ వాదించి, తనకు నచ్చిందే ఒప్పుకునేది.

1886లో ఆమె అమెరికా వెళ్ళింది. ఆనందీబాయి జోషి అక్కడ వైద్యంలో పట్టా పుచ్చుకుంటున్న సందర్భం అది. ఆనందీబాయి ఆమెకు బంధువు కూడా. మరుసటి సంవత్సరమే ఆనందీబాయి క్షయతో పూనాలో చనిపోయింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్ళే. రమాబాయి ఆ 1887లోనే అగ్రకుల హిందూ స్త్రీల స్థితిగతుల మీద ఇంగ్లీషులో పుస్తకం ప్రకటించింది. దానిని రాయచూరులో పోయిన తన తల్లికి అంకితం చేసింది. ఆ పుస్తకం వేల ప్రతులు అమ్ముడుపోయింది. అమెరికా అంతటా ఉపన్యాసాలిచ్చి, వితంతువుల బడికి పదేళ్ళపాటు సాయం చేసే సంఘాన్ని కూడా ఏర్పాటు చేసుకుని తిరిగివచ్చింది.

శారదా సదన్

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ మొదలైంది. మరుసటి ఏడు దానిని పూనాకు మార్చారు. అక్కడ వితంతువులు జుట్టు పెంచుకోవచ్చు, కడుపునిండా తినవచ్చు, చదువుకోవచ్చు. మొదట్లో చేరినవారిలో గోదూబాయి అనే బాలవితంతువు ఉంది. 1893లో ఆమెను ధోండో కేశవ కర్వే పెళ్ళి చేసుకున్నాడు. తరవాత వితంతువుల కోసం ఆశ్రమం, స్త్రీల కోసం విశ్వవిద్యాలయం స్థాపించిన కర్వే ఆయనే.

ఈ సదనంలో మతబోధ ఉండదని రమాబాయి మాట ఇచ్చింది. కాని ఆమె తన గదిలో ప్రార్థన చేసుకునేటప్పుడు కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. తలుపు వేయడానికి ఆమె ఒప్పుకోలేదు. 1893లో దీనిమీద పెద్ద గొడవ జరిగింది. తిలక్ నడిపే కేసరి పత్రిక ఆమెను తీవ్రంగా విమర్శించింది. రానడే, భండార్కర్ సలహాసంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది తమ పిల్లలను తీసుకుపోయారు. ఇద్దరి వైపూ చెప్పుకోవలసిన న్యాయం ఉంది. నమ్మి పిల్లలను పంపినవారి భయం అర్థం చేసుకోదగిందే. తన గదిలో తన ప్రార్థన తన ఇష్టమనడం కూడా అర్థం చేసుకోదగిందే. నష్టం మాత్రం ఇళ్ళకు తిరిగివెళ్ళి మళ్ళీ తల గొరిగించుకోవలసివచ్చిన పిల్లలకు జరిగింది.

మళ్ళీ కరువు

1896లో మధ్యపరగణాల్లో కరువు వచ్చింది. రమాబాయికి అప్పుడు 38 ఏళ్ళు. పూనాలో కూర్చుని ఆ వార్తలు చదువుతుంటే తిరుపతి అడవి కళ్ళముందుకు వచ్చింది. డబ్బు లేదు, సదనంలో చోటు లేదు. అయినా బయలుదేరింది. కరువు శిబిరాలు, అన్నసత్రాలు తిరిగి చూసింది. ఎముకలగూడులాంటి పిల్లలు, వాళ్ళను తినుబండారం చూపించి తీసుకుపోవడానికి కాచుకుని ఉన్న దుర్మార్గులు కనిపించారు. దిక్కులేని ఆడపిల్లకు ఆకలి ఒక్కటే ప్రమాదం కాదని ఆమెకు బాగా తెలుసు. ఆ ఏడాదిలో దాదాపు 300 మంది స్త్రీలను, పిల్లలను వెంట తెచ్చింది.

అదే సమయంలో పూనాలో ప్లేగు వ్యాపించింది. ఊళ్ళో ఇంతమందిని ఉంచడానికి వీల్లేదన్నారు. పూనాకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో కేడ్‌గావ్ అనే పల్లె దగ్గర ఆమె అంతకుముందే కొంత భూమి కొని ఉంది. అందరినీ అక్కడికి తరలించింది. మొదట గుడారాలు, పాకలు. తరవాత కట్టడాలు లేచాయి. దానికి ముక్తి అని పేరు పెట్టింది. ప్లేగు ఆసుపత్రిలో స్త్రీలకు రక్షణ లేదని పత్రికకు ఉత్తరం రాసి ప్రభుత్వాన్ని కూడా నిలదీసింది. అధికారులకు కోపం వచ్చింది.

1900 నాటి గుజరాత్ కరువులో మరికొన్ని వందలమంది వచ్చారు. ఈసారి పిల్లలను వెతికి తేవడానికి తన సదనంలో పెరిగిన స్త్రీలను కూడా పంపింది. ముక్తిలో అప్పుడు దాదాపు 2,000 మంది ఉండేవారు. వచ్చినవారంతా బతకలేదు. చాలామంది కరువులో చిక్కిపోయి, రోగాలతో వచ్చి, అన్నం దొరికాక కూడా కోలుకోలేక చనిపోయారు. ఎందరికో ఆఖరి గుక్క నీళ్ళు పోయడమే చేయగలిగింది. చావు నుంచి అందరినీ తప్పించగలనని ఆమె అనుకోలేదు. పోయేవారి పక్కన మనిషి ఉండాలి, పోయాక మోసుకెళ్ళడానికి నలుగురుండాలి. ఆ నలుగురు లేకపోవడం అంటే ఏమిటో ఆమెకంటె తెలిసినవారెవరు?

ఇప్పుడు మొదట గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి వద్దాం. ముక్తిలో చదువు ఒక్కటే నేర్పేవారు కారు. ప్రతి ఆడపిల్లా అక్షరాలతోపాటు ఒక చేతిపని నేర్చుకోవాలి. పొలం పని ఉంది, పాడి ఉంది, మగ్గాలున్నాయి, నూనె గానుగ ఉంది, కుట్టుపని ఉంది, అచ్చుయంత్రం ఉంది. బావులు తవ్వించి తోటలు పెంచారు. చూపులేనివారికి వేళ్ళతో తడిమి చదవడం, బుట్టలల్లడం నేర్పారు. మోసపోయి, ఎవరూ ఇంట్లోకి రానివ్వని స్త్రీలకు వేరుగా కృపా సదన్ అనే ఇల్లు ఏర్పాటు చేశారు. రమాబాయి స్వయంగా తెల్లవారకముందే లేచి, వంటశాల నుంచి పొలం దాకా అన్నీ చూసుకునేది. వేల శ్లోకాలు వచ్చినా రొట్టె సంపాదించుకోలేకపోయిన ఇంటి పిల్ల, తన దగ్గర పెరిగిన ఏ పిల్లకూ ఆ స్థితి రానివ్వదలచుకోలేదు.

కూతురు

మనోరమ ఈ పనిలోనే పెరిగింది. ఇంగ్లండులో, అమెరికాలో చదువుకుంది. తరవాత పూనాలో బి.ఏ. పట్టా తీసుకుంది. శారదా సదన్ బాధ్యత చేపట్టింది. అప్పటి నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో పాఠశాల పెట్టడంలో కూడా తల్లికి చేదోడుగా నిలిచింది. రమాబాయికి వినికిడి బాగా తగ్గిపోయింది. కూతురే ఆమెకు చెవులు, కుడిచేయి. తన తరవాత అంతా మనోరమ చూసుకుంటుందని ఆమె నిశ్చింతగా ఉంది.

1921 జులై 24న మనోరమ గుండెజబ్బుతో చనిపోయింది. ఆమెకు 40 ఏళ్ళు. రమాబాయికి 63. తండ్రి, తల్లి, అక్క, అన్న, భర్త పోయినప్పుడు ఆమె వయసులో ఉంది, ముందు జీవితం ఉంది. ఈసారి అది లేదు. ఆమె ఆరోగ్యం కూడా అప్పటికే దెబ్బతిని ఉంది. అయినా ఆశ్రమం బాధ్యతలను తన తరవాత ఎవరు చూడాలో ఏర్పాటు చేసి, చేతిలో ఉన్న పని ముందుకు నడిపింది.

ఆ పని బైబిలును మరాఠీలోకి అనువదించడం. అంతకుముందున్న అనువాదాల భాష పండితుల భాష, పల్లె స్త్రీలకు అర్థం కాదు. చదువు తక్కువైన ఆడవాళ్ళు కూడా తమంతట తాము చదువుకోగలిగేలా రాయాలని ఆమె సుమారు 15 ఏళ్ళు శ్రమించింది. దానికోసం హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకుంది. కూతురు పోయాక మిగిలిన ఎనిమిది నెలల్లో ఆ పనే చేసుకుంటూ గడిపింది.

1922 ఏప్రిల్ 5న కేడ్‌గావ్‌లో, నిద్రలోనే రమాబాయి కన్నుమూసింది. ఆమె అనువాదం 1924లో పుస్తకంగా వెలువడింది. దానిని అచ్చువేసింది ముక్తి సదన్ ముద్రణాలయమే. అచ్చు అక్షరాలు కూర్చింది అక్కడ చదవడం, రాయడం నేర్చుకున్న స్త్రీలు.